గోరంత తెర

కాజీపేట జంక్షన్ల దిగి
షేర్ ఆటో పట్టుకొని
హనుమకొండ చౌరస్త కాడ నా దుకాణం జాడ అడుగుకుంట
వచ్చింది ఆత్రం మారుబాయి.
మెడల కెమెరా, సంకల సారపలుకుల మూట.
"గుట్ట దుమ్ము తిని గొంతు పట్టింది దీనికి.
మూతి ముందుకు రాదు, ఎనుకకు పోదు."

ఎనిమిది మరలు ఇప్పిన, జీలకర్ర గింజలంతవి.
మా అబ్బా నేర్పిన తీరుగ
తెల్ల పళ్లెంల వరుసతోటి పేర్చిన.
ఏ మర ఏ తొర్రదో మరిస్తె
కెమెరా మనల్ని మరుస్తది.

దుమ్ము దులిపి, పండ్లూడిన చక్రం మార్చి
అడుగున ఉన్నది చూపెట్టిన.
వంగి చూసింది. నవ్వలేదు.
"గింతేనా?
నా చిటికెన గోరంత లేదు.
మూడేండ్ల సంది ఏటి అవతలి గుట్టను
గీ దాంట్లనా పడుతున్న?"
ఆగి, మళ్ల తనే అన్నది:
"మొన్న పట్నం సారొకాయన వచ్చిండు.
ఆయన కెమెరాల తెర అగ్గిపెట్టెకు జెర తక్కువ.
నాకూ అసొంటిది పెట్టు, పైసలు జమ జేసుకొస్త."

ఎట్ల చెప్పాలె.
గొట్టం మీద పన్నెండు వందలని రాసిండ్రు,
మిల్లీమీటర్లు. మూడు మూరలకు కొంచెం తక్కువ.
లోపల నిజంగ ఉన్నది జానెడే.
అట్లని మోసం గాదు.
అద్దం పంపే బొమ్మల నుంచి
నడిమి ముక్కనే కోసుకుంటది ఈ తెర.
తాళం సందుల నుంచి చూసే కన్నుకు
ఎదురింటి వాకిలొక్కటే లోకం కదా,
అట్ల.
ముక్క ఎంత చిన్నగైతే
రాబందు అంత నిండుగ కనవడ్తది.

మరి తెర పెద్దది జేస్తెనో?
కొత్తవాడల జంపఖానా నేసుడు చూసినవా,
చాప వెడల్పు పెంచుతె మగ్గం పెరగాలె,
మగ్గం పెరిగితె గోడ కూల్చాలె.
ఆ రాబందే ఆ పెద్ద తెరను నింపాలంటె
జానెడు గొట్టం మూడు మూరలైతది,
మూతి కాడ అన్నం కంచమంత గాజు.
అది నీ మెడల ఏలాడదు బిడ్డా,
దానికి నువ్వే ఏలాడుతవ్.

ఇప్పుడు నవ్వింది.
సారు గొట్టాన్ని ఇద్దరు మోసిండ్రట,
మూడోడు కాళ్ల స్టాండు పట్టిండట.
సగం గుట్ట కాడ నలుగురూ కూసుండి
బిస్కెట్లు తిని దిగిండ్రట.

"మరి పొద్దు వాలినంక ఇది ఎందుకిట్ల జేస్తది?"
ఫోటో తెరిచి పట్టింది.
బూడిద రంగు మీద నూకలు, నూకలు,
చాట నుంచి ఒలికినట్టు.
దీనికి మాత్రం నా దగ్గర మందు లేదు.
చూరు కింద గంగాళం పెట్టినోడికీ
చెంబు పెట్టినోడికీ
ఒక్క తీరు వాన దొరకదు.
చెంబు మోసుడు అలకన. నింపుకునుడు కష్టం.
నువ్వు గుట్ట ఎక్కినవ్, ఎలుగు తగ్గింది.
రెండూ ఒక్క బేరంలయే.

ఆమె వింటలేదు.
నూకల నడుమ ఒక ముద్దను
గోటితోటి చూపిస్తున్నది.
ఏప్రిల్ పన్నెండు, సాయంత్రం ఆరుంబావు.
"రాయా? పిల్లా?
కాయితంల ఏం రాయాలె నేను?"
తర్వాతి బొమ్మ తొమ్మిది నిమిషాల అవతలిది,
ఇంక నల్లగ.
మీట నొక్కిన. ముందుకు, ఎనుకకు.
ముందుకు, ఎనుకకు.
చాయ్ పోరడు గ్లాసులు పెట్టి
తనూ వంగిండు.
"కదిలింది కాకా!"

రాయి పక్కకు తిరగది.

సంచిల నుంచి నోటుబుక్కు తీసింది.
పెన్సిల్ తోటి పెట్టుకున్న ప్రశ్న గుర్తును
చూపుడు వేలు తడి జేసి చెరిపింది,
కాయితం జెర చిరిగింది,
అంకె మిగిలింది.

మజూరీ సగం పైసలు, సగం సారపలుకులు.
మెట్లు దిగినంక నేను చూస్తలేననుకొని
గొట్టం బయటికి సాపి
బొటనవేలు నుంచి చిటికెన వేలు దాక
జాన పెట్టి కొలుసుకున్నది.
సరిపోయిందో లేదో
ఆటో అడ్డమొచ్చింది.